నాయనమ్మ ఆడిన ఆఖరి రైడ్

ఆ రోజుల్లో మా కాలేజీ చరిత్ర తెలుసుకోవాలంటే లైబ్రరీలో దుమ్ము దులపనక్కర్లేదు, ప్రిన్సిపాల్ గది ముందున్న వరండాలో ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడిస్తే చాలు. గోడ నిండా ఫోటోలే. యూనివర్సిటీ కప్పు గెలుచుకొచ్చిన జట్టుకే ఆ గోడ మీద చోటు, అది మా కాలేజీ ఆచారం. మోకాళ్లు దాటిన నిక్కర్లతో పాత హాకీ జట్టు, మీసాలు మెలేసిన ఫుట్‌బాల్ జట్టు, చెవులు మూసేసిన జుట్టుతో క్రికెట్ జట్టు, అందరూ చేతులు కట్టుకుని, మనమేదో అప్పు ఎగ్గొట్టినట్టు మనవైపు గుర్రుగా చూస్తూ ఉండేవారు. కప్పు గెలవడాన్ని మా కాలేజీలో గెలవడం అనరు, 'గోడెక్కడం' అంటారు. ఆ గోడకి చిట్టచివర, మంచినీళ్ల కుళాయి పక్కన, ఒక ఖాళీ మేకు ఉండేది. అది అమ్మాయిల కబడ్డీ జట్టు కోసం ఎవరో మహానుభావుడు ఆశతో కొట్టిన మేకు. మేం చేరేనాటికి దానికి వాచ్‌మన్ గొడుగు వేలాడుతోంది.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా ప్రిన్సిపాల్ సార్ ఒక మాట అనేశారు. కాలేజీలో స్కూటర్లు పెరిగిపోయాయి, పెట్టడానికి చోటు లేదు, అమ్మాయిల కబడ్డీ కోర్టు ఎలాగూ ఊరికే పడి ఉంది, ఈసారి కూడా వీళ్లు గోడెక్కకపోతే జట్టు తీసేసి అక్కడ రేకుల షెడ్డు వేయిస్తానన్నారు. ఊరికే పడి ఉండటమేమిటి, రోజూ సాయంత్రం అక్కడ మా మోకాలి చిప్పలు పగులుతుంటేనూ! (స్కూటర్లకి మోకాళ్లు లేవు కాబట్టి వాటికి ఆ కోర్టు బాగా నప్పుతుందని ఆయన ఉద్దేశం కావచ్చు.) ఆ మాట విని మా పీడీ మేడమ్, అంటే ఆటలు నేర్పే మేడమ్, మూడు పూటలా ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడది గుంటూరు వైపు. పెళ్లయి సికింద్రాబాద్ వచ్చి ఎన్నేళ్లయినా మాట మాత్రం అక్కడిదే. ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు, మిగతా రోజుల్లో మమ్మల్ని తిట్టే గొంతు ఒకటే, శ్రుతి కూడా ఒకటే.

అసలు నేను జట్టులోకి ఎలా వచ్చానో చెప్పాలి. నాకు ఆటలు రావు. వచ్చిందల్లా కాళ్లు. మా ఇంట్లో అందరూ మామూలు ఎత్తే గానీ నాకెందుకో దేవుడు రెండు కాళ్లు కొలత చూడకుండా ఇచ్చేశాడు. పద్మారావు నగర్‌లో బస్సు కదిలిపోతుంటే నేను పుస్తకాలు గుండెకి అదుముకుని ఒకే అంగలో ఫుట్‌బోర్డు మీద పడటం అదే బస్సులో ఉన్న పీడీ మేడమ్ చూశారట. కాలేజీ దగ్గర దిగగానే జబ్బ పట్టుకున్నారు. "ఏవమ్మాయ్, ఆ కాళ్లు ఏ క్లాసువి?" అన్నారు. "బీకాం రెండో ఏడాది మేడమ్" అన్నాను. "రేపట్నించి అయ్యి నాయి" అని వెళ్లిపోయారు.

కబడ్డీలో కూతకి, అంటే రైడ్‌కి, వెళ్లినవాళ్లు అవతలివాళ్లని చేత్తో తాకినా పాయింటే, కాలితో తాకినా పాయింటే. తాకి, కూత ఆపకుండా, దొరక్కుండా మధ్యగీత దాటి రావాలి, అంతే ఆట. నా కాళ్లు ఉన్న పొడుగుకి నేను దూరంగా నిలబడి ఒక్క తన్ను విసిరితే చాలు, ఎదుటివాళ్లు నన్ను అందుకోవడం కల్ల. పీడీ మేడమ్ లెక్క అదీ. లెక్క తప్పు కాదు. మధ్యలో మా నాయనమ్మ ఒకావిడ ఉందని ఆవిడకి తెలియదు, అంతే.

అమ్మ బేగంపేటలో ఆఫీసుకి వెళ్లేది కాబట్టి నన్ను పెంచిందంతా నాయనమ్మే. ఆవిడ దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం అ ఆలు కాదు, కాలు తాకితే కళ్లకి అద్దుకోవడం. పుస్తకానికి కాలు తగిలితే సరస్వతి, చీపురుకి తగిలితే లక్ష్మి, చాటకి తగిలినా అన్నం మెతుకుకి తగిలినా ఎవరో ఒక దేవత ఉండనే ఉంటుంది. ఇక మనిషికి తగిలితే చెప్పనే అక్కర్లేదు. ఆ మనిషిని వేళ్లతో ముట్టుకుని ఆ వేళ్లు కళ్లకి అద్దుకునేదాకా నాయనమ్మ కళ్లు నా మీద నుంచి కదిలేవి కావు. చివరికి అది నాకు తుమ్ము లాంటిదైపోయింది, ఆపుకుందామన్నా ఆగదు. రద్దీ బస్సులో ఎవరి కాలో తొక్కి, వంగి, ముట్టుకుని కళ్లకద్దుకునేసరికి, పాపం పెద్దమనుషులు కంగారుపడి "సుఖీభవ తల్లీ" అని దీవించిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మొదటి రోజు ప్రాక్టీసు. కూత పెట్టి వెళ్లాను. మా కెప్టెన్ ఎదురుగా ఉంది. ఆమెది సీతాఫల్‌మండి, నాన్న రైలింజన్ డ్రైవర్, అందుకని అందరం 'ఇంజన్ అక్క' అనేవాళ్లం. మనిషి కూడా ఆ పేరుకి న్యాయం చేసేలాగే ఉండేది. కాలు విసిరాను. ఇంజన్ అక్క తొడకి చక్కగా తగిలింది. "శభాష్!" అని మేడమ్ అరిచారు. ఆ అరుపు గాలిలో ఉండగానే నేను వంగాను, ఇంజన్ అక్కని ముట్టుకున్నాను, కళ్లకద్దుకున్నాను. కళ్లు తెరిచేసరికి నా మీద నలుగురున్నారు.

"ఏందే? ఏం చేసినవ్ ఇప్పుడు?" అంది ఇంజన్ అక్క, నా మీద కూర్చునే.

"కాలు తాకింది గదక్కా."

"తాకాల్ననే తాకించినవ్ గదనే! దిమాక్ గిట్ల ఉందా నీకు?"

మేడమ్ ఈల నోట్లోంచి తీశారు. "నువ్వు కబడ్డీ ఆడతన్నావా అమ్మాయ్, వ్రతం చేసుకుంటన్నావా?" అన్నారు. ఆ పూటతో నా అసలు పేరు పోయింది. కాలేజీ మొత్తానికి నేను 'దండం' అయిపోయాను.

ఇక నా జబ్బుకి వైద్యాలు మొదలయ్యాయి. మేడమ్ ప్రార్థన చేయించారు. ఇంజన్ అక్క నమ్మకం మాత్రం ప్రాక్టీసు మీదే. సాయంత్రం కోర్టు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, "నన్ను తన్నవే. తంతా ఉండు. ఎప్పటిదాంక అలవాటు పోదో నేను సుత చూస్త" అంది. నేను తన్నడం, వంగడం, అద్దుకోవడం. తన్నడం, వంగడం, అద్దుకోవడం. చీకటి పడేసరికి నా నడుము పట్టేసింది, ఆమె తొడ కమిలిపోయింది, అలవాటు మాత్రం నవనవలాడుతూ అలాగే ఉంది. అటుగా వెళ్తున్న ప్రిన్సిపాల్ సార్ కాసేపు నిలబడి చూసి, ఇది ఏ ఆటో అడిగే ధైర్యం చాలక స్కూటరెక్కి వెళ్లిపోయారు.

కాలితో లాభం లేదని చేతులతోనే తాకడం నేర్పారు. చేతికి నాయనమ్మ నిషేధాలేవీ లేవు కదా! యూనివర్సిటీ పోటీలు మొదలయ్యాయి. ఇంజన్ అక్క పట్టుకుంటే మనిషి కదిలేది కాదు. నేను అలా వెళ్లి ఇలా ముట్టుకుని వచ్చేదాన్ని. ఒక్కో కాలేజీని దాటుకుంటూ, మాకే నమ్మబుద్ధి కాకుండా, ఫైనల్‌కి వచ్చి పడ్డాం! ఆ వారం కాలేజీలో నడుస్తుంటే కాళ్లు నేలమీద ఆనలేదు. మమ్మల్ని ఎన్నడూ పట్టించుకోని అబ్బాయిల హాకీ జట్టు కూడా దారి ఇచ్చి నిలబడింది. వాచ్‌మన్ ఎవరూ చెప్పకుండానే మేకుకి ఉన్న గొడుగు తీసేశాడు. అది చూసి ఇంజన్ అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. (ధూళి పడిందంది. వరండాలో ధూళి ఎక్కడిదో మరి.)

ఫైనల్‌లో మా ఎదుటి జట్టు గత కొన్నేళ్లుగా కప్పుని ఇంటి సామానులా వాడుకుంటున్న జట్టు. వాళ్ల చేతులు చాలా పొడుగు. చెయ్యి చాపితే మణికట్టు పట్టేస్తారు. "కాలు వాడకపోతే గెలవలేం, అంతే" అన్నారు మేడమ్. ఆ రోజు ఇంటికి వెళ్లి, నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతుంటే పక్కన చేరాను.

"నాయనమ్మా, ఆటల కాలు తాకితే సుత దండం పెట్టాల్నా?"

"ఆటయితే ఏంది? కాలు కాలే, మనిషి మనిషే."

"తాకితేనే గెలుస్తం నాయనమ్మా. ఓడిపోతే మా జట్టు తీసేస్తరంట. స్కూటర్లు పెడ్తరంట."

ఆవిడ చాటలోంచి తల ఎత్తింది. "గట్ల తన్నుకునే ఆట ఆడపిల్లలకు ఎవలు నేర్పుతున్నరే? నేను సుత వస్త. చూస్త అదేందో" అంది. మేడమ్ మీదికి పోట్లాటకి వస్తోందేమోనని నాకు గుండెల్లో రాయి పడింది.

అన్నట్టే ఫైనల్ రోజు జరీ అంచు చీర కట్టుకుని, స్టీలు డబ్బాలో సర్వపిండి ముక్కలు పెట్టుకుని, నాతోపాటే ఆటోలో బయల్దేరింది. మైదానంలో బెంచీ మీద ముందు వరసలో కూర్చోబెట్టాను. మరో వైపు మా ప్రిన్సిపాల్ సార్ కుర్చీలో కూర్చున్నారు. (షెడ్డు కొలతలు అప్పటికే తీయించారని పుకారు.) ఈలోగా ఇంజన్ అక్కకి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. "తన్నినంక పెట్టే దండాలు ముందుగాలనే పెట్టేయ్. అడ్వాన్స్! ఇగ లోపల పరేషాన్ ఉండదు" అంది. నాకూ న్యాయంగానే తోచింది. ఆట మొదలవ్వకముందే ఎదుటి జట్టు దగ్గరికి వెళ్లి, వరసగా ఒక్కొక్కరినీ ముట్టుకుని కళ్లకద్దుకుంటూ వచ్చాను. వాళ్లు హడలిపోయారు. ఏదో మంత్రం వేశానని ఒకమ్మాయి చేతులు తుడుచుకుంది, ఇంకొకామె వెళ్లి మొహం కడుక్కొచ్చింది. వాళ్ల కెప్టెన్ ఒక్కతే, చురుకైన కళ్ల పిల్ల, నన్ను పైనుంచి కింది దాకా చూసి ఊరుకుంది.

ఆట షురూ అయింది. మొదటి కూతలోనే కాలు విసిరాను, తగిలింది. మైదానం హోరెత్తింది. నేను వంగాను. (అడ్వాన్సులు చేతికి తెలుసు గానీ నడుముకి తెలియవు కదా!) ధబాలున మీద పడ్డారు. రెండో కూత, అదే కథ. మూడోసారికి వాళ్ల కెప్టెన్‌కి నా జబ్బు పూర్తిగా అర్థమైపోయింది. నేను రాగానే తనే కాలు ముందుకి చాపి నా కాలికి ఆనించడం, నేను వంగడం, వాళ్లు మూటకట్టడం. చివరికి నన్ను పట్టుకోవడం వాళ్లకి చెట్టు కింద రాలిన కాయ ఏరుకోవడమంత సులువైపోయింది. ఇంజన్ అక్క ఒంటి చేత్తో జట్టుని లాక్కొస్తోంది. మేడమ్ కళ్లు మూసుకుని "ప్రభువా, ఈ పిల్ల నడుము నిలబెట్టు" అని పైకే ప్రార్థిస్తున్నారు. ప్రిన్సిపాల్ సార్ వాచీ చూసుకుంటున్నారు.

ఆట ముగింపుకొచ్చింది. మేం ఒక్క పాయింటు వెనక ఉన్నాం. ఆఖరి కూత. ఇంజన్ అక్క అప్పుడే అవుటై బయటికి వెళ్లిపోయింది, కూతకి వెళ్లడానికి నేనే మిగిలాను. మోచేతులు గీరుకుపోయి, జడ ఊడిపోయి, నోట్లో మట్టితో గీత దగ్గర నిలబడ్డాను. ఏడుపు తన్నుకొస్తోంది. కోర్టు కళ్ల ముందే స్కూటర్లతో నిండిపోతున్నట్టు కనపడుతోంది. అప్పుడు బెంచీ మీద నుంచి నాయనమ్మ లేచింది.

"ఏయ్ బిడ్డా! ఇటు చూడు!"

మైదానమంతా అటు తిరిగింది.

"దండం పెట్టేటోళ్ల మీద పడి తొక్కేటోళ్లకు దండమేందే? ఇయ్యాల ఒంగినవో, ఇంట్ల అన్నం పెట్ట! తన్ను! గట్టిగ తన్ను! ఆ పాపమేదో నాకు రానీ!"

నేనింతవరకూ మంత్రోపదేశం పొందలేదు గానీ, పొందితే ఇలాగే ఉంటుందనుకుంటాను. కూత పెట్టి లోపలికి దూకాను. కెప్టెన్ పిల్ల అలవాటు ప్రకారం నవ్వుతూ కాలు చాపింది. తన్నాను. నడుము వంగబోయింది. "పాపం నాదే!" అని బెంచీ మీద నుంచి కేక. నడుము నిటారుగా నిలబడిపోయింది! నేను ఇప్పుడు వంగుతానని నమ్మి, గాల్లోకి లేచిన ఇద్దరు అమ్మాయిలు, వంగిన నేను ఉండాల్సిన చోట ఒకరి మీద ఒకరు పడ్డారు. ఇంకొకామె వెనకనుంచి నా చీలమండ పట్టుకుంది. ఆమెనీ ఈడ్చుకుంటూ, "కబడ్డీ కబడ్డీ" అంటూ, ఆ కొలత చూడకుండా ఇచ్చిన కాళ్లని దేవుడు ఎందుకిచ్చాడో మొదటిసారి తెలుసుకుంటూ, నేలమీద బోర్లా పడి చెయ్యి చాపాను. వేళ్ల కింద సున్నం చల్లగా తగిలింది. మధ్యగీత! తన్ను తిన్న కెప్టెన్ పిల్లకి ఒకటి, చీలమండ పట్టుకున్నామెకి ఒకటి, రెండు పాయింట్లు వచ్చి ఒక్క పాయింటు తేడాతో కప్పు మాదైపోయింది!

తర్వాత ఏం జరిగిందో నాకు ముక్కలు ముక్కలుగానే గుర్తుంది. ఇంజన్ అక్క నన్ను బియ్యం బస్తాలా భుజాన వేసుకుని కోర్టు చుట్టూ పరిగెత్తింది. మేడమ్ స్తోత్రాలు చెబుతూ ప్రిన్సిపాల్ సార్ చెయ్యి పట్టి ఊపేస్తున్నారు, ఆయన కూడా తెలియకుండానే ఈలవేశారు. నన్ను కిందికి దింపగానే నేను చేసిన మొదటి పని, అవతలి జట్టు దగ్గరికి వెళ్లి, తన్నిన ప్రతి అమ్మాయినీ ముట్టుకుని కళ్లకద్దుకోవడం. బాకీ ఉంచుకోకూడదు కదా. కెప్టెన్ పిల్ల దగ్గరికి వచ్చేసరికి, నాకంటే ముందే తను వంగి నా మోకాలు ముట్టుకుని కళ్లకద్దుకుంది. "మా ఇంట్ల సుత గిదే నేర్పిన్రు. ఆటల మర్చిపోయిన" అంది, తల దించుకుని. నాకు ఆ పిల్ల మీద ఉన్న కోపమంతా కరిగిపోయింది. నాయనమ్మ సర్వపిండి రెండు జట్లకీ పంచింది. ముందు ముక్క తిన్నది ఆ పిల్లే.

ఇక గోడెక్కడమే మిగిలింది. ఫోటోగ్రాఫర్ వచ్చాడు. కుర్చీల్లో ప్రిన్సిపాల్ సార్, మేడమ్, కప్పు పట్టుకుని ఇంజన్ అక్క. మిగతా అందరం వెనక నిలబడ్డాం. పొడుగుదాన్ని కాబట్టి నేను ఆ చివర. "మామ్మగారూ, మీరూ రండి, మీరు లేందే ఇయ్యాల ఏం లేదు" అని మేడమ్ పట్టుబట్టి నాయనమ్మని తీసుకొచ్చి నా పక్కన నిలబెట్టారు. "నాకెందుకమ్మా ఫోటోలు" అంటూనే కొంగు సర్దుకుంది. ఫోటోగ్రాఫర్ "రీలులో ఒకటే మిగిలింది, ఎవ్వరూ కదలొద్దు, రెడీ" అన్నాడు. నేను కాస్త జరిగాను. నా కాలు దేనికో తగిలింది. నాయనమ్మ పాదం.

ఇంకేముంది!

క్లిక్ మనేసరికి నేను కుర్చీల వెనక, వంగి, నాయనమ్మ పాదాల దగ్గర ఉన్నాను. "మళ్ల ఏందే!" అంటూ నోరు తెరిచిన నాయనమ్మ మాత్రం ఫోటోలో దివ్యంగా పడింది. కింద పేర్లు రాసిన పెయింటరు తలలు చూసుకున్నాడు, పేర్లు చూసుకున్నాడు, సరిపోయాయి, రాసేశాడు. అలా మా కాలేజీ క్రీడా చరిత్రలో ఆఖరి రైడర్‌గా నా పేరు మీద, జరీ అంచు చీరలో, పండిన జుట్టుతో, ఎవరినో తిడుతూ, మా నాయనమ్మ శాశ్వతంగా నిలబడిపోయింది. ఆవిడ బతికున్నన్నాళ్లూ అది చెప్పుకుని నవ్వేది. "పాపం నాకు రమ్మన్న. పేరు సుత నాకే వచ్చె" అనేది.

ఈమధ్య పాత విద్యార్థుల కలయిక అంటే కాలేజీకి వెళ్లాను. కోర్టు అక్కడే ఉంది, ఒక్క స్కూటర్ కూడా లేదు. వరండా చివర, కుళాయి దగ్గర, ఇప్పుడు అమ్మాయిల జట్ల ఫోటోలే వరసగా ఉన్నాయి, మేకులు చాలనన్ని. మొదటి ఫోటో ముందు జెర్సీ వేసుకున్న పిల్లలు కొందరు నిలబడి, ఫోటో అద్దాన్ని వేళ్లతో ముట్టుకుని కళ్లకద్దుకుంటున్నారు. ఎందుకని అడిగాను.

"మ్యాచ్ ఉందాంటీ. పోయేముందు ఈమెకు దండం పెట్టుకుంటం. మా సీనియర్లు సుత పెట్టేటోళ్లు. ఫైనల్ గెలిపించిన రైడరంట" అంది ఒక పిల్ల. తర్వాత నా మొహంలోకి, ఫోటోలోకి, మళ్లీ నా మొహంలోకి చూసింది. "అరే, మీ లెక్కనే ఉంది గదా! ఇది మీరేనా ఆంటీ?"

ఫోటో అద్దంలో చూసుకున్నాను. నా చెవుల పక్కన తెల్లబడ్డ వెంట్రుకలు, అవే కనుబొమలు. నాకూ ఒక్క క్షణం అనుమానం వచ్చింది. కుర్చీల వెనక ఎక్కడో, ఆ పొడుగు కాళ్లు ముడుచుకుని, రీలు అయిపోయిందన్న సంగతి కూడా తెలియక వంగి ఉన్న ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే నవ్వు వచ్చింది.

"కాదమ్మా, ఈమె మా నాయనమ్మ. ఆ ఆఖరి రైడ్ ఈమెదే" అన్నాను. "నేనూ ఉన్నాను ఈ ఫోటోలో. ఆమె కాళ్ల దగ్గర ఉన్నాను, కనపడను."